కోసిన రైలుపట్టా

కౌసల్యమ్మ రైలుపట్టాను కోసింది.

ఆ పొద్దు భర్త సోమేశ్వర్ దౌల్తాబాద్ దిక్కు కంది చేలు చూడటానికి పోయాడు. ఆయన కారు గల్లీ మలుపు తిరిగిందో లేదో, ఆమె కొంగు నడుముకు చెక్కి మేడమీది పొడుగు గదిలోకి ఎక్కింది. ఇనుము కోసే సన్న బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి, బొమ్మ ధారూరు స్టేషన్ దాటినాక వంపు మొదలయ్యే చోట పట్టా మీద పెట్టి గుంజింది. బొమ్మ రైలు పట్టా ఎంత ఉంటుంది, అగ్గిపుల్ల మందం. తెగింది. ఆ సందులో ప్లాస్టిక్ ముక్క ఇరికించి జిగురు పెట్టింది. ఒకటి తెగినాక ఆగలేదు. కావలసిన చోటల్లా కోసి, పొడి ఊడ్చి, కిందికి దిగి పప్పుకు పోపు పెట్టింది.

తాండూరులో వాళ్లది పప్పు మిల్లు, గంజ్ అనే ధాన్యం బజారులో ఒక దుకాణం. మిల్లు వెనుక ఇల్లు, ఇంటి మీద ఈ పొడుగు గది. ఒకప్పుడు ఖాళీ గోనెసంచులు వేసేవాళ్లు. మిల్లు పని కొడుకు వినయ్ చూసుకోవడం మొదలుపెట్టినాక సోమేశ్వర్ ఆ సంచులన్నీ తీయించి, గోడ పొడుగునా బల్లలు కొట్టించి, వాటి మీద రైలు వేసుకున్నాడు. గదికి ఈ చివర తాండూరు, ఆ చివర వికారాబాదు, నడుమ ధారూరు. అసలు రైలుకు రెండు లైన్లు ఉన్నాయి కానీ గదిలో జాగ చాలక ఆయన ఒకటే వేశాడు. ధారూరులో మాత్రం రెండు బండ్లు పక్కపక్కన నిలబడేటట్టు రెండు లైన్లు పెట్టాడు.

పట్టాలు, ఇంజన్లు ఆయన తెప్పించినవి. తక్కినదంతా కౌసల్యమ్మ చేతి పని. గోనెగుడ్డ మీద సున్నం పూసి అనంతగిరి గుట్టలు లేపింది ఆమె. నాపబండ చెక్కులు అరగదీసి ప్లాట్‌ఫారాలు పరిచింది ఆమె. రైలు డబ్బాలకు నీలం రంగు వేసి, కిటికీలకు ఊచలు గీసింది ఆమె. అంతా అయినాక బండి నడిపే రోజు వచ్చింది. ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమెకు ఒక ముక్కాలిపీట చూపించాడు. పట్టాలు తప్పి పడిన డబ్బాలను ఎత్తి మళ్లీ పట్టాల మీద పెట్టడం ఆమె పని. అప్పటినుంచి అదే పని.

బండిని నడిపేది కంట్రోలర్. చేతిలో ఇమిడే నల్ల డబ్బా, దాని మీద ఒక గుండీ. గుండీ తిప్పితే బండి కదులుతుంది, ఇంకా తిప్పితే ఉరుకుతుంది. ఆ గుండీ మీద సోమేశ్వర్ చెయ్యి తప్ప ఇంకొక చెయ్యి పడింది లేదు. వాళ్ల ఇంట్లో ఇది కొత్త కాదు. దుకాణంలో గల్లాపెట్టె ముందు ఇంటి పెద్దే కూర్చుంటాడు. ఆయన లేచేదాకా ఇంకొకరు దాని మీద చెయ్యి పెట్టరు. వినయ్ తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా ఇప్పటికీ తండ్రి లేచినాకే కూర్చుంటాడు. ఆడవాళ్ల సంగతి అడగనే వద్దు.

వానాకాలంలో మర్పల్లినుంచి చుట్టాలు వచ్చారు. బండి నడుస్తుంటే సోమేశ్వర్‌కు ఫోన్ వచ్చింది. బండి ఆపి, ఫోన్ పట్టుకుని వరండాలోకి పోయాడు. చుట్టాలు ఎదురుచూసి ఎదురుచూసి, "నువ్వే నడుపరాదు కౌసల్యా" అన్నారు. ఆమె గుండీ మీద చెయ్యి వేసింది. బండి కదిలింది. బాగా కదిలింది. ఆయన వచ్చాడు. ఆమె మణికట్టు పట్టుకుని, చేతిని గుండీ మీదినుంచి ఎత్తి, ఆమె ఒళ్లోనే పెట్టాడు, ఎవరిదో వస్తువు వాళ్లకు తిరిగి ఇచ్చినట్టు.

"నీది ఎత్తి పెట్టే పని" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అట్లా నవ్వినందుకే ఆమెకు తన మీద తనకు కోపం.

ఆ తరువాత కోడలు నీలిమ ఫోన్‌లో ఆమె బొమ్మ రైళ్ల వీడియోలు పెట్టించుకుని చూసింది. మాటలు ఇంగ్లీషువి, ఆమెకు అక్కర లేదు. తీగలు చూసింది. వికారాబాదులో ఆమె తండ్రిది కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం. పెళ్లి అయ్యేదాకా ఆ దుకాణం వెనుక గదిలో కూర్చుని రాగి తీగ చుట్టింది. తీగ ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో చూసి చెప్పగలదు. చూడగా చూడగా సంగతి తేలింది. పట్టాలు రెండు. ఒకటి దారి మొత్తానికీ ఉమ్మడి, దాన్ని ముట్టనక్కర లేదు. రెండోదాన్ని ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కకు ఒక్కో తీగ, ఒక్కో తీగకు ఒక్కో స్విచ్చు. స్విచ్చు పైకి వేస్తే ఆ ముక్క ఒకరి కంట్రోలర్‌ది. కిందికి వేస్తే ఇంకొకరిది. నడుమ ఆపితే ఎవ్వరిదీ కాదు. అట్లా చేస్తే ఒకే దారి మీద ఇద్దరు రెండు బండ్లు నడపవచ్చు.

అందుకే కోసింది.

సాయంత్రం సోమేశ్వర్ ధారూరులో నిలిపిన బండిని కదిపితే ఒక్క అడుగు పోయి ఆగింది. కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. అక్కడినుంచే కేక వేశాడు.

"కౌసల్యా! పట్టా తెగింది చూసినవా? ఎలుక కొరికిందా ఏంది?"

ఆమె మెట్లెక్కి వచ్చింది. "ఎలుకకు పట్టాలెందుకు? నేనే కోసిన."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "నువ్వా?"

"ఇది ఒక్కటే కాదు. ఇంకా ఉన్నయ్, చూస్కోండ్రి."

"తిక్క లేసిందా నీకు? బొంబాయినుంచి తెప్పిచ్చిన పట్టాలు అవి."

"బొంబాయివైనా బ్లేడుకు తెగుతయ్."

"ఎందుకు కోసినవ్ చెప్పు."

"నాకొక కంట్రోలర్ కావాలె. మొదటి సెట్టుతోని వచ్చిన పాతది సందూకల ఊకెనే పడి ఉన్నది. నా బండి నేను నడుపుకుంట."

"ఒక్క లైను మీద ఇద్దరు నడుపుతరా? గుద్దుకుంటయ్."

"గుద్దుకోకుండ తీగలు నేను ఏస్త."

"నేను నడుపుతుంటే నీకేం తక్కువైంది?"

"తక్కువేం కాలే. ఎత్తి పెట్టుడు ఎక్కువైంది."

సోమేశ్వర్ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. కోపం వచ్చినప్పుడు బేరం మాట్లాడినట్టు మాట్లాడతాడు. "సరే. దీపావళి నాడు దుకాణంల పూజ అయినంక అందరు పైకి వస్తరు గద. వాళ్ల ముందట నడిపి చూపియ్యి. నీ బండి వికారాబాదునుంచి, నా బండి తాండూరునుంచి. ఎదురెదురు రావాలె. ధారూర్ల తప్పుకోని పోవాలె. ఆగిందో, నీ తీగలన్ని నువ్వే పీకి, కోసినకాడల్ల నువ్వే అతికియ్యాలె. మళ్ల కంట్రోలర్ మాట ఎత్తొద్దు."

"నడిస్తే?"

"నడిస్తే అప్పుడు చూద్దాం."

"చూసుడు కాదు. నడిస్తే నా బండి ఉన్న లైను మీదికి మీరు రావాలంటే నన్ను అడిగి రావాలె. నోటితోని అడగాలె."

ఆయన ఆమెను తేరిపార చూశాడు. "అట్లనే" అన్నాడు.

ఇక ఆ రోజునుంచి ఇంటి పని అయినాక కౌసల్యమ్మ బల్లల కింద చాప పరుచుకుని వెల్లకిల పడుకునేది. తీగలన్నీ ఒకే రంగువి దొరికాయి. గుర్తుకు జాకెట్టు గుడ్డ పీలికలు కట్టింది. పసుపు పీలిక తాండూరు, ఆకుపచ్చ ధారూరు, ఎరుపు వికారాబాదు. సోల్డరింగ్ చేస్తుంటే కరిగిన చుక్క మోచేతి మీద పడి బొబ్బ లేచింది. నీలిమ మందు తెచ్చింది.

"అత్తమ్మా, మామయ్యనే అడిగితే ఆయనే ఏస్తుండె కదా తీగలు?"

"ఆయన ఏస్తే ఆయన తీగలైతయ్ బిడ్డా."

వినయ్ ఒకసారి పైకి వచ్చి బల్ల కింద తల్లి కాళ్లు చూసి, "అమ్మా, ఊకోరాదే. ఆయన సంగతి తెల్వదా నీకు" అన్నాడు.

"తెలుసు. అందుకే ఊకోను" అని బల్ల కిందినుంచి జవాబు వచ్చింది.

దీపావళి ఇంకా పది పన్నెండు రోజులు ఉందనగా తీగల పని అయిపోయింది. స్విచ్చులన్నీ ఒక చెక్కకు బిగించి, ఆ చెక్కను ధారూరు ముందు, ఇద్దరి చేతులకూ అందే చోట పెట్టింది. పాత కంట్రోలర్ తుడిచి, వికారాబాదు దిక్కు తన పీట పక్కన పెట్టుకుంది. గోడకు దగ్గర కరెంటు తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఉంది. దానినుంచే ఆయన కంట్రోలర్‌కు కరెంటు వస్తుంది. ఆమె అదే డబ్బానుంచి ఇంకో జత తీగలు లాగి తన కంట్రోలర్‌కు ఇచ్చుకుంది.

ఆ ఆదివారం సోమేశ్వర్ దోస్తు నాగేందర్ సేటు వచ్చాడు. గంజ్‌లో ఆయన దుకాణం వీళ్ల దుకాణానికి ఎదురే. నోటికి తాళం లేని మనిషి.

"వదినె డ్రైవరైందట కదా! టికెట్ కొనాల్నా, పాసు ఇస్తరా?"

"మీకు గూడ్సు డబ్బా ఉన్నది, ఎక్కుండ్రి" అన్నది కౌసల్యమ్మ.

పండుగకు ముందు ఒకసారి నడిపి చూద్దామని ఆమె అనుకోనే అనుకుంది. చూసేవాళ్లు ఉంటే ఉండనీ. ఇద్దరూ గుండీలు పట్టుకున్నారు. మొదట రెండు బండ్లూ వికారాబాదు దిక్కే పోయాయి, ముందు ఆమెది, వెనుక ఆయనది. చక్కగా నడిచాయి. ఆయన ఆపితే ఆమెది ఆగలేదు. ఆమె ఆపితే ఆయనది ఆగలేదు. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆయన ఆపినాక కూడా ఒక బండి నడవడం అదే మొదలు.

"ఒక్క దిక్కు పోతే ఏముంది వదినె. ఎదురెదురు రానియ్యిండ్రి" అన్నాడు నాగేందర్ సేటు.

బండ్లను చెరొక చివరకు చేర్చారు. సోమేశ్వర్ తాండూరునుంచి బయలుదేరాడు. ఆమె తన కంట్రోలర్ మీది దిక్కు మార్చే మీట ఎదురు దిక్కుకు వేసి గుండీ తిప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా గుర్రుమన్నది. రెండు బండ్లూ ఒకేసారి చచ్చినట్టు ఆగిపోయాయి. గదిలో మాడు వాసన. ఫ్యూజు పోయింది.

నాగేందర్ సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే, మంచిగున్నవాన్ని కూడ పడగొట్టిండ్రు వదినె!"

ఫ్యూజు మార్చి మళ్లీ తిప్పారు. మళ్లీ అదే. సోమేశ్వర్ నవ్వలేదు. కుర్చీలోనుంచి లేచి, మెల్లగా అన్నాడు. "చెప్పిన కద. రేపు మనిషిని పిలిపిస్త. తీగలు పీకేద్దాం. నీ కంట్రోలర్ మళ్ల సందూకల పెట్టు."

"దీపావళి రేపు కాదు. ఇంక గడువున్నది."

"ఇంక నడిచేదేంది? కాలిపోయినంక."

"కాలింది ఫ్యూజే."

మరునాడు పొద్దున్నే ఆమె పాత కంట్రోలర్‌నూ, ఒక స్విచ్చునూ బట్టల సంచిలో వేసుకుంది. రాత్రి నిద్ర లేదు. ప్రతి ముక్కా, ప్రతి సందూ తడిమి చూసింది. తప్పు కనిపించలేదు. ఒక్క దిక్కు పోయినంతసేపు నడుస్తుంది, ఎదురు తిరిగితే చస్తుంది. ఇదేం రోగమో ఆమెకు అంతుబట్టలేదు. నీలిమతో, "నేను వికారాబాదు పోతున్న. మీ మామ ఎవర్నన్న పైకి తోలితే..." అని ఆగింది.

"మెట్ల తలుపుకు తాళమేస్త. చెవి నా కొంగున ఉంటది" అన్నది నీలిమ.

కౌసల్యమ్మ కోడలిని మొదటిసారి చూసినట్టు చూసింది.

రైలులో సేడం దిక్కునుంచి వచ్చే ఆడవాళ్లు కన్నడంలో మాట్లాడుకుంటూ వేరుశనగకాయలు ఒలుస్తున్నారు. ఆమెకు కూడా గుప్పెడు పెట్టారు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ దారి ఆమె చిన్నప్పటినుంచి తిరిగిందే. ఎప్పుడూ కిటికీలోనుంచి గుట్టలు చూసేది. ఇవాళ కింద పట్టాలు చూసుకుంటూ పోయింది.

వికారాబాదులో తమ్ముడు పాండురంగం దుకాణం ముందు కాలిపోయిన బోరు మోటార్లు కుప్పగా పడి ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు నెత్తి మీదికి తోసి అక్కను చూశాడు.

"ఏందక్కా, ఫోన్ గూడ చెయ్యకుండ? బావ మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు. నేనే పరేషాన్ల ఉన్న." సంచిలోవి బల్ల మీద పెట్టి అంతా చెప్పింది.

పాండురంగం నోరు తెరిచాడు. "ఈ వయసుల నీకు రైలా?"

"నీకు ఈ వయసుల గుట్కా ఎందుకో, నాకు రైలు గందుకే. తప్పేందో చూడు."

ఆయన నోట్లోది బయట ఉమ్మి వచ్చి కంట్రోలర్ విప్పాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇది మంచిగనే ఉన్నది. ఒక్క దిక్కు పోతే నడుస్తున్నయ్, ఎదురు పోతే ఫ్యూజు పోతున్నది. అంతేనా?"

"అంతే."

"రెండు కంట్రోలర్లకు కరెంటు ఏడనుంచి ఇచ్చినవ్?"

"ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌నుంచే. ఆయనదానికెల్లే తీగ లాగిన."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఉన్నది ఒక్కటే. మా ఇంట్ల ఉప్పు కావాల్నన్నా, చీర కావాల్నన్నా ఆ ఒక్క గల్లాల్నుంచే కదా వచ్చేది. ఇది కూడ గట్లనే అనుకున్న."

పాండురంగం నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నీళ్లు తాగి, చేతివేళ్లు చూపిస్తూ చెప్పాడు. "ఇను. ఒక పట్టా ఇద్దరికి ఉమ్మడి పెట్టినవ్. కరెంటు కూడ ఇద్దరికి ఒక్కటే డబ్బానుంచి. ఆయన ఎటు పోతే నువ్వు గటే పోయినంతసేపు ఏం కాదు. నువ్వు ఎదురు తిరిగినవనుకో, ఆయన తీగ, నీ తీగ ఉమ్మడి పట్టా కాడ కలిసి మంట పుడుతది. అందుకే ఫ్యూజు పోతున్నది."

"మరేం జెయ్యాలె?"

"ఉమ్మడి పట్టా ఉండనీ. నీ కంట్రోలర్‌కు మాత్రం వేరే ట్రాన్స్‌ఫార్మర్ కావాలె. బావదానితోని సంబంధమే లేంది. గంతే."

ఆమె బల్ల మీది స్విచ్చును చేతిలోకి తీసుకుంది. తీగలు తప్పు వేయలేదు. ముక్కలు తప్పు కోయలేదు. తప్పు మొత్తం ఆ ఒక్క జత తీగలది. అన్నీ తానే చేసుకుని, కరెంటు మాత్రం ఆయన డబ్బానుంచి తెచ్చుకుంది. అది తప్పని కలలో కూడా అనిపించలేదు. అదే ఆమెకు మండింది.

"షెల్ఫుల ఒకటి ఉన్నది, తీస్కపో" అన్నాడు పాండురంగం.

"వద్దు. తీగ ఇయ్యి. నేను చుట్టుకుంట."

"అక్కా, చేతులు ఇరుగుతయ్. ఎన్నేండ్లాయె."

"చేతులు నావి. నువ్వు ఫికర్ చెయ్యకు."

ట్రాన్స్‌ఫార్మర్‌కు లోపలి చుట్లు తమ్ముడు చుట్టి పెట్టినవే ఉన్నాయి. పైచుట్లకు ఆమె వెనుక గదిలో కూర్చుంది. తండ్రి కాలంనాటి చుట్టే మిషన్ అదే, పిడి మారింది అంతే. రాగి తీగ రెండు వేళ్ల నడుమ బిగువుగా పట్టుకుని, వరుస పక్కన వరుస, మీద కాగితం, మళ్లీ వరుస. సగంలో లెక్క తప్పింది. తిట్టుకుంటూ మొత్తం విప్పి మొదటినుంచి చుట్టింది. రెండోసారి వేళ్లు వాటంతటవే పోయాయి.

మధ్యాహ్నం సోమేశ్వర్ ఫోన్ చేశాడు. "ఏడున్నవ్?"

"వికారాబాదుల."

"కరెంటు మనిషిని పిలిపిచ్చిన. నీ కోడలు తాళమేసుకోని కూసున్నది. చెవి ఇయ్యమంటే ఇస్తలేదు. ఏంది ఈ ఆగం?"

కౌసల్యమ్మ తీగ వదలకుండా ఫోన్‌ను భుజానికీ చెవికీ నడుమ నొక్కి పట్టుకుంది. "దీపావళి దాంక గడువు ఇచ్చిండ్రు. ఇచ్చిండ్రా లేదా?"

"ఇచ్చిన. కని నిన్న..."

"గంజ్‌ల మీరు సై అంటే కాయితం లేకున్నా బస్తాలు లేస్తయ్. సోమేశ్వర్ సేటు మాట తప్పిండని ఒక్కడు అనలే ఇన్నేండ్ల. పెండ్లానికి ఇచ్చిన మాట మాట కాదా? నాగేందర్ సేటు ముందట గిట్లనే చెప్పమంటరా?"

"అన్నం?" అన్నాడు ఆయన.

"నీలిమ చెవి ఇయ్యకున్నా అన్నం పెడుతది. అడుగుండ్రి."

ట్రాన్స్‌ఫార్మర్‌కు వార్నిష్ పోసి, ఆరనిచ్చి, తమ్ముడు మీటరు పెట్టి చూశాడు. తల ఊపాడు. "నాయిన ఉంటే నీకు జీతం ఇస్తుండె" అన్నాడు.

"నాయిన ఉన్నప్పుడు ఇయ్యలే" అన్నది ఆమె, సంచి సర్దుకుంటూ.

దీపావళి సాయంత్రం దుకాణంలో లక్ష్మీపూజ అయింది. ప్రసాదాలు పంచినాక గంజ్‌లోని నాలుగైదు ఇండ్లవాళ్లు మిల్లు ఇంటికి వచ్చి పైగదికి ఎక్కారు. ఆడవాళ్లు కూడా ఎప్పుడూ లేనంతమంది వచ్చారు. ఏం జరుగుతుందో నాగేందర్ సేటు ముందే ఊరంతా చాటి పెట్టాడు. బయట పటాకులు మోగుతున్నాయి.

సోమేశ్వర్ పట్టు పంచె కట్టుకుని తన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వికారాబాదు దిక్కు కూర్చుంది. ముక్కాలిపీట మీద కాదు. వినయ్ వంటింట్లోనుంచి ఇంకో కుర్చీ తెచ్చి, తల్లి వెనుక పెట్టి, ఎవరి దిక్కూ చూడకుండా పోయి గోడకు నిలబడ్డాడు. ఆమె కాళ్ల దగ్గర కొత్త ట్రాన్స్‌ఫార్మర్, దాని తీగలు వేరుగా, గోడకు వేరే ప్లగ్గు.

"ఈసారి పటాకులు లోపల గూడ పేలుతయేమో చూడుండ్రి" అన్నాడు నాగేందర్ సేటు.

ఆమె వికారాబాదు స్టేషన్ స్విచ్చునూ, అక్కడినుంచి ధారూరు దాకా ఉన్న ముక్క స్విచ్చునూ కిందికి వేసుకుంది. ఆయన తాండూరునుంచి ధారూరు దాకా పైకి వేసుకున్నాడు. ధారూరులో మొదటి లైను ఆయనది, రెండోది ఆమెది. ఆమె మీటను ఎదురు దిక్కుకు వేసింది. గుండీ తిప్పింది.

ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమనలేదు. ఆమె బండి వికారాబాదు ప్లాట్‌ఫారం వదిలింది. అటునుంచి ఆయనదీ బయలుదేరింది. రెండూ ఒకదానికొకటి ఎదురుగా వస్తున్నాయి. గదిలో ఎవరో "అయ్యో అయ్యో" అన్నారు. వాసన లేదు. మంట లేదు. నీలిమ కొంగు నోట్లో కుక్కుకుంది.

సోమేశ్వర్ బండి తొందరగా వచ్చి ధారూరు మొదటి లైనులో ఆగింది. ఆయన ఎప్పుడూ తొందరగానే నడుపుతాడు. కౌసల్యమ్మ బండి ఇంకా గుట్టల నడుమ ఉంది. ఆమె దానిని ఉరికించలేదు. అసలు బండి అనంతగిరి దిగేటప్పుడు ఎంత మెల్లగా దిగుతుందో అంత మెల్లగా దింపుతోంది. వంపు తిరిగేటప్పుడు వెనుక డబ్బాలు ఒక్కొక్కటీ కనిపించాయి. ఒక్కటీ పట్టా తప్పలేదు.

సోమేశ్వర్ గుండీ మీద వేలు తట్టాడు. ఒకసారి ఆమె బండిని, ఒకసారి తన బండిని చూశాడు. ఇన్నేండ్లు ఆ దారిలో ఎవరికోసమూ ఆగింది లేదు. చెయ్యి దానంతట అదే ముందుకు వచ్చింది. ధారూరు అవతలి ముక్క స్విచ్చు మీదికి పోయింది. దానిని పైకి ఎత్తితే ఆ ముక్క ఆయనదైపోతుంది. దాని మీద ఉన్న ఆమె బండి వచ్చిన దారినే వెనక్కి గుంజుకుపోతుంది.

కౌసల్యమ్మ స్విచ్చు మీద తన అరచెయ్యి బోర్లా పెట్టింది. ఆయన వేళ్లు ఆమె చేతి మీద ఆగాయి. రెండో చేతిలో గుండీని ఆమె వదలలేదు. బండి నడుస్తూనే ఉంది.

బయట ఏదో పెద్ద పటాకు పేలింది. ఎవరూ అటు చూడలేదు.

"చెయ్యి తియ్యి" అన్నాడు ఆయన, ఆమెకు మాత్రమే వినబడేటట్టు.

"నా బండి ఉన్నది ఆ లైను మీద" అన్నది ఆమె, అందరికీ వినబడేటట్టు.

"కనబడుతలేదా నాకు? తొందరగ రానియ్యి."

"తొందరగ రాదు. నేను నడుపుతున్న. మీ మాట యాదికున్నదా?"

ఆయన చుట్టూ చూశాడు. మిల్లు మనుషులు, గంజ్ సేట్లు, వాళ్ల ఆడవాళ్లు. నాగేందర్ సేటు కూడా ఈసారి నోరు మూసుకున్నాడు. వాళ్లందరి ముందూ ఆయన ఎన్ని బేరాలు సై అన్నాడో. మాట వెనక్కి తీసుకున్న మనిషి మొహం ఎట్లా ఉంటుందో గంజ్‌లో ఆయన చాలాసార్లు చూశాడు. ఆమె చేతి మీదినుంచి తన వేళ్లు తీసుకున్నాడు.

"లైను ఇస్తవా?" అన్నాడు.

"జర ఆగుండ్రి. లోపలికి రానియ్యిండ్రి."

ఆయన ఆగాడు. ఆమె బండి గుట్ట దిగింది, వంపు దాటింది, ధారూరు రెండో లైనులోకి వచ్చింది. చివరి డబ్బా కోసిన సందు దాటేదాకా ఆమె కళ్లు తిప్పలేదు. దాటినాక గుండీ తగ్గించి ఆపింది. అప్పుడు స్విచ్చును నడుమకు తెచ్చింది. ఒక్క క్షణం ఆ లైను ఎవ్వరిదీ కాకుండా ఉంచింది. తరువాత పైకి ఎత్తింది.

"ఇచ్చిన. పొండ్రి."

వెనుకనుంచి ఆడవాళ్లలో ఎవరో ముందు నవ్వారు. తరువాత చాలామంది. సోమేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ లేచి పోలేదు. గుండీ తిప్పాడు. ఈసారి మెల్లగా తిప్పాడు. బండి ధారూరు వదిలి గుట్టలెక్కింది.

"వదినె, ఇగ మీకు స్టేషన్ మాస్టర్ టోపీ తేవాలె" అన్నాడు నాగేందర్ సేటు.

"తెచ్చి ఇయ్యిండ్రి, పెట్టుకుంట" అన్నది కౌసల్యమ్మ. తాండూరు దిక్కు స్విచ్చును కిందికి వేసుకుని తన బండిని కదిలించింది.

అవతల ఆయన బండి గుట్టలు దాటి వికారాబాదు దగ్గరకు వచ్చింది. వికారాబాదు స్టేషన్ స్విచ్చు ఇంకా కిందికే, ఆమె దిక్కే ఉంది. ఆయన స్టేషన్ బయట బండి ఆపాడు. స్విచ్చు చేతికి అందేంత దూరంలోనే ఉంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అడగడానికి గొంతు సవరించుకున్నాడు.